సరిహద్దు పద్దు అడిగేదెవరు?

2020 నవంబరు 8న కశ్మీర్‌లోని మచిల్ సెక్టార్‌లో నియంత్రణ రేఖ దాటి వస్తున్న చొరబాటుదారులను అడ్డుకుంటూ నలుగురు ప్రాణాలు వదిలారు. ముగ్గురు సైన్యంవాళ్లు, ఒకరు బీఎస్‌ఎఫ్ కానిస్టేబుల్. ఆ ముగ్గురిలో హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డిది చిత్తూరు జిల్లా ఐరాల మండలం. ఏడాది తిరిగేసరికి, 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలింది. ఆయన భద్రతా సిబ్బందిలో ఉన్న లాన్స్ నాయక్ సాయితేజ కూడా అందులోనే పోయారు. ఆయనది అప్పటి చిత్తూరు జిల్లాలోని కురబలకోట మండలం. రెండు కుటుంబాలకూ రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది.

సరిహద్దు కోసం మన నాయకులు డబ్బు ఖర్చు పెట్టడానికి నిజంగా సిద్ధంగా ఉన్నారా అని పలమనేరులోనో పీలేరులోనో అడిగితే, చాలామంది జవాబు ఆ అంత్యక్రియల జ్ఞాపకం నుంచే వస్తుంది. ఊరికి ఏ నాయకుడు వచ్చాడు, చెక్కు ఎన్ని రోజులకు చేతికందింది, ఇంటికి ఉద్యోగం ఇస్తామన్న మాట నిలబెట్టుకున్నారా లేదా అన్నవే కొలతలు. 2025 మే 9న, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలానికి చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ చనిపోయినప్పుడు 50 లక్షలు, ఐదెకరాల పొలం, ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించారు. రాయలసీమ అంతటా ఆ మాటే నడిచింది. ఇచ్చారు, మంచిపని చేశారు అన్నారు జనం. అందులో తప్పేమీ లేదు. కొడుకును పోగొట్టుకున్న ఇంటికి ఎంత ఇచ్చినా తక్కువే.

కానీ ఆ సాయం సరిహద్దుకు పెట్టిన ఖర్చు కాదు. సరిహద్దులో కాపలా కాసినవాడు పోయాక అతని ఇంటికి ఇచ్చిన డబ్బు అది. అతను బతికి ఉండగా అతని పోస్టు దాకా రోడ్డు వేశారా, కంచె పూర్తి చేశారా, చీకట్లో చూడగలిగే పరికరం చేతికిచ్చారా, సెలవు మీద ఇంటికి రాగలిగేంత మంది సిబ్బందిని పెట్టారా అన్నది వేరే పద్దు. ఆ పద్దు గురించి ఈ ప్రాంతంలో అభిప్రాయం లేదని కాదు. అభిప్రాయం గట్టిగానే ఉంది. దాన్ని అడిగి తేల్చుకునే దారి మాత్రం జనానికి దొరకలేదు.

బోర్డర్ అంటే నరహరిపేట

చిత్తూరు మనిషికి బోర్డర్ అన్న మాట కొత్త కాదు. జిల్లాకు ఒకపక్క తమిళనాడు, ఇంకోపక్క కర్ణాటక. బోర్డర్ అంటే మొదట గుర్తొచ్చేది వేలూరు దారిలోని నరహరిపేట చెక్‌పోస్టు. శేషాచలం అడవుల్లోంచి ఎర్రచందనం దుంగలు ఎలా బయటికి పోతాయో, ఏ రాత్రి ఏ దారిన లారీ దాటుతుందో, టాస్క్‌ఫోర్స్‌కు జీపులూ మనుషులూ చాలకపోతే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గస్తీ అంటే జీతం, డీజిలు, టార్చిలైటు, అడవిలో నడిచే దారి అని అనుభవం మీద తెలిసిన ప్రాంతం ఇది. 4,096 కిలోమీటర్ల బంగ్లాదేశ్ సరిహద్దులో పశువులు, మాదకద్రవ్యాలు, దొంగనోట్లు ఎలా దాటుతున్నాయో అర్థం చేసుకోవడానికి ఆ అనుభవం చాలు.

అయినా దేశ సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి ఆ వివరాలన్నీ పక్కకు పోయి, మిలిటరీ అనే ఒక్క మాట మిగులుతుంది. సైన్యంలో ఉన్నా, బీఎస్‌ఎఫ్‌లో ఉన్నా, ఐటీబీపీలో ఉన్నా ఊళ్లో అందరూ మిలిటరీవాళ్లే. గౌరవం సమానంగా ఇవ్వడం మంచి అలవాటు. డబ్బు సంగతికి వస్తే మాత్రం ఈ తేడా తెలియకపోతే నాయకుడిని ఏం అడగాలో కూడా తెలియదు.

పాకిస్తాన్, బంగ్లాదేశ్ సరిహద్దులు 1965లో పుట్టిన బీఎస్‌ఎఫ్‌వి. చైనా వైపు 3,488 కిలోమీటర్లు 1962 యుద్ధ సమయంలో ఏర్పడిన ఐటీబీపీ చూస్తుంది. నేపాల్, భూటాన్ ఎస్‌ఎస్‌బీకి, మయన్మార్ అస్సాం రైఫిల్స్‌కి. కార్గిల్ తర్వాత, ఒక సరిహద్దుకు ఒకే దళం అన్న పద్ధతి 2001లో వచ్చింది. ఈ దళాల ఖర్చు భరించేది రక్షణ శాఖ కాదు, హోంశాఖ. నియంత్రణ రేఖ మీద, చైనా ఎదురుగా సైన్యం కూడా నిలబడుతుంది, దాని ఖర్చు రక్షణ శాఖది. సరిహద్దు రోడ్లు వేసే బీఆర్‌ఓ రక్షణ శాఖ కింద ఉంటుంది. కంచె, ఫ్లడ్‌లైట్లు హోంశాఖవి. రోజూ సైనికుడి గురించి మాట్లాడే నాయకుడు ఏ శాఖ పద్దు గురించి మాట్లాడుతున్నాడో అడిగితే చాలాసార్లు జవాబు దొరకదు.

మచిల్‌లో ఒకే పోరులో పోయిన నలుగురి సంగతికి మళ్లీ వద్దాం. సైన్యంలో చేరిన హవల్దార్ పూర్తి సర్వీసు చేసి రిటైరైతే పాత పెన్షన్ వస్తుంది. 2004 జనవరి 1 తర్వాత బీఎస్‌ఎఫ్‌లో చేరిన కానిస్టేబుల్‌కు, జీతంలోంచి వాటా కట్టి పోగేసుకునే కొత్త పెన్షన్ పథకం వర్తిస్తుంది. నిలబడ్డ చోటు ఒకటే, ఎదురుగా ఉన్న తుపాకీ ఒకటే. ఈ దళాలు కూడా సాయుధ దళాలే, పాత పెన్షన్ ఇవ్వాలని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లి దాని మీద స్టే తెచ్చుకుంది. సరిహద్దు గురించి వేదికల మీద గొంతు పెంచే ఏ పార్టీ నాయకుడైనా తన చిత్తశుద్ధి చూపించుకోవడానికి ఇంతకంటే నేరుగా ఉన్న విషయం ఇంకొకటి ఉండదు. తిరుపతి, చిత్తూరు ఎన్నికల ప్రచారంలో ఇది పెద్ద చర్చగా వినిపించలేదు.

ఓటు దగ్గర ఏమవుతోంది

2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడి, 26న బాలాకోట్. ఆరు వారాల్లో ఎన్నికలు. దేశంలో చాలా చోట్ల జాతీయ భద్రత పెద్ద ప్రచారాంశమైంది, బీజేపీకి 303 సీట్లు వచ్చాయి. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీకి నోటా కంటే తక్కువ ఓట్లు పడ్డాయి. అప్పటి చిత్తూరు జిల్లాలోని 14 అసెంబ్లీ స్థానాల్లో 13 వైసీపీ గెలిచింది, కుప్పం ఒక్కటే టీడీపీకి మిగిలింది. చిత్తూరు, తిరుపతి రెండు లోక్‌సభ స్థానాలూ వైసీపీవే. ప్రత్యేక హోదా మీద కోపం, రాష్ట్ర రాజకీయం, సంక్షేమ హామీలు ఆ ఓటును నడిపించాయి.

గల్వాన్ ఘర్షణ 2020 జూన్ 15న జరిగింది. ఇరవై మంది సైనికులు పోయారు, వారిలో కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేటవాడు. తెలుగు నేలంతా కన్నీళ్లు పెట్టుకుంది. పది నెలలకు, 2021 ఏప్రిల్‌లో, తిరుపతి లోక్‌సభకు ఉప ఎన్నిక వచ్చింది. పార్లమెంటుకు ఒక మనిషిని పంపే ఎన్నిక అది. చైనా సరిహద్దు మీద ఎంత ఖర్చు పెడుతున్నారు, ఏం మారింది అని అడగడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. అయినా ఆ ప్రచారం రాష్ట్ర విషయాల మీదే నడిచింది. వైసీపీ అభ్యర్థి గురుమూర్తి రెండు లక్షల 70 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు.

దీన్ని చూసి దక్షిణాది జనానికి సరిహద్దు పట్టదని ఉత్తరాది వ్యాఖ్యాతలు కొందరు అనేస్తుంటారు. అది అన్యాయమైన మాట. పట్టకపోతే తెల్లవారకముందే ఇన్ని వందల మంది పిల్లలు మైదానాల్లో పరుగెత్తరు, ఒక జవాను శవం వస్తే ఇన్ని ఊళ్లు కదలవు. ఇక్కడి ఓటరు సరిహద్దును పార్టీల మధ్య తేడాగా చూడడు, అంతే. అన్ని పార్టీలూ సైనికుడికి దండం పెడతాయి. అందరూ ఒకే మాట చెప్పే విషయం మీద ఓటు ఎలా మారుతుంది? ఓటు తేడా ఉన్నచోటే పడుతుంది. 2024 ఎన్నికల ముందు లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ దేశమంతా చేసిన సర్వేలో ప్రధాన సమస్యగా నిరుద్యోగాన్ని 27 శాతం, ధరల పెరుగుదలను 23 శాతం చెప్పారు. ఇంటి బడ్జెట్ మీద దెబ్బ పడినప్పుడు దేశ బడ్జెట్‌లోని సరిహద్దు పద్దు వెనక్కి పోవడం సహజం. మనసులో దానికి ఉన్న విలువ తగ్గిందని దానికి అర్థం కాదు.

నాయకులకు మాత్రం ఇది బాగా కలిసొచ్చింది. అందరూ ఒప్పుకునే విషయం మీద ఎవరూ లెక్క అడగరు.

రూపాయిలో ఎన్ని పైసలు

2025-26 కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్లు. అందులో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్లు, అంటే నూటికి 13 పైచిలుకు. కేంద్రం ఖర్చు చేసే రూపాయిలో రక్షణకు 8 పైసలే అని బడ్జెట్ పత్రాలు చూపిస్తాయి కదా అని అనుమానం రావచ్చు. ఆ రూపాయిలో రాష్ట్రాలకు వెళ్లే పన్నుల వాటా కూడా కలిసి ఉంటుంది, పెన్షన్లు వేరే గడిలో ఉంటాయి. అందుకే ఆ తేడా. అదే రూపాయిలో పాత అప్పుల వడ్డీకి 20 పైసలు పోతున్నాయి.

6.81 లక్షల కోట్లు అనగానే అదంతా తుపాకులు, విమానాలు అనుకుంటారు. అందులో పెన్షన్లే సుమారు 1.60 లక్షల కోట్లు. కొత్త ఆయుధాలు, పరికరాలు, నిర్మాణాలకు ఇచ్చే మూలధన పద్దు 1.80 లక్షల కోట్లు. మిగతాది చాలావరకు జీతాలు, తిండి, ఇంధనం, మరమ్మతులు. మొత్తం కలిపినా జీడీపీలో 1.9 శాతం దగ్గరే. రక్షణపై పార్లమెంటరీ స్థాయీ సంఘం ఏళ్ల తరబడి 3 శాతం కావాలని అడుగుతోంది.

హోంశాఖ వైపు చూస్తే అదే ఏడాది 2.33 లక్షల కోట్లు. బీఎస్‌ఎఫ్‌కు 28,231 కోట్లు, ఐటీబీపీకి 10,370 కోట్లు, ఎస్‌ఎస్‌బీకి 10,237 కోట్లు. ఇందులోనూ పెద్ద భాగం జీతభత్యాలే. కంచె, రోడ్లు, లైట్లు, అవుట్‌పోస్టుల లాంటి సరిహద్దు వసతుల పద్దుకు 5,597 కోట్లు. అంతకుముందు ఏడాది బడ్జెట్‌లో పెట్టింది 3,756 కోట్లే కాబట్టి ఇది మంచి పెంపు, కాదనలేం. అయినా హోంశాఖ మొత్తంలో అది నూటికి రెండున్నర కూడా లేదు. సరిహద్దు భద్రత అని జనం మనసులో ఉన్న బొమ్మకు దగ్గరగా వచ్చే ఖర్చు ఇదే. వేదిక మీద ఈ పద్దు పేరు ఎత్తిన నాయకుడు అరుదు.

మనుషుల లెక్క కూడా చూడాలి. కేంద్ర సాయుధ పోలీసు దళాలన్నిటిలో 2023 జనవరి 1 నాటికి 84,866 ఖాళీలు ఉన్నాయని హోంశాఖే చెప్పింది. ఒక్కో ఖాళీ అంటే పక్కన నిలబడ్డవాడికి ఇంకో షిఫ్టు, ఇంకో నెల సెలవు వాయిదా. పండక్కి రాలేకపోయిన కొడుకు ఫోను కోసం ఎదురుచూసే ఇంటికి ఈ అంకె వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది.

బిల్లులు పడ్డాయి, రోడ్లు పడలేదు

నిధులు ఎక్కువ ఇస్తే చిత్తశుద్ధి ఉన్నట్టు, తక్కువ ఇస్తే లేనట్టు అని తేల్చేయడం సులభం. చైనా సరిహద్దు రోడ్ల కథ చదివితే ఆ నమ్మకం పోతుంది.

సరిహద్దులో రోడ్లు వేస్తే వాటి మీదుగా శత్రువే లోపలికి వస్తాడన్న భయం స్వతంత్ర భారతంలో చాలా ఏళ్లు విధానంగా నడిచింది. అభివృద్ధి చేయని సరిహద్దే సురక్షితం అనుకునేవాళ్లమని 2013లో రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ పార్లమెంటులోనే ఒప్పుకున్నారు. ఆయన ఆ మాట చెప్పడానికి చాలా ముందే ఆ ఆలోచన మార్చుకుని చైనా వైపు 73 వ్యూహాత్మక రోడ్లు గుర్తించారు. వాటిలో 61 రోడ్లు, 3,409 కిలోమీటర్లు, బీఆర్‌ఓకి అప్పగించారు. 2012 కల్లా అన్నీ పూర్తి కావాలి.

2017లో, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక వచ్చింది. 2016 మార్చి నాటికి పూర్తయినవి 22 రోడ్లే. 61 రోడ్లకూ కలిపి వేసిన అంచనా 4,644 కోట్లు, అప్పటికే అయిన ఖర్చు 4,536 కోట్లు. డబ్బు నూటికి 98 పాళ్లు అయిపోయింది, రోడ్లు నూటికి 36 పాళ్లు అయ్యాయి. వేసిన కొన్ని రోడ్లు కూడా భారీ సైనిక వాహనాలు పోవడానికి పనికిరాని తీరులో ఉన్నాయని కాగ్ రాసింది.

పంచాయతీ రోడ్ల అనుభవం ఉన్న ఏ పుంగనూరు రైతుకైనా ఈ కథ కొత్తగా అనిపించదు. బిల్లులు పడ్డాయి, రోడ్లు పడలేదు. తేడా ఏమిటంటే, ఊరి రోడ్డు ఆగితే పాల క్యాన్లు ఆగుతాయి, ఆ రోడ్డు ఆగితే చలికాలంలో ఒక పోస్టుకు తిండీ మందులూ ఆగుతాయి. కారణాలన్నీ అవినీతే అనుకుంటే పొరపాటు. అటవీ అనుమతులు, భూసేకరణ, మంచు వల్ల ఏడాదిలో కొన్ని నెలలే పని సాగడం, కొండ బండరాయి అన్నీ ఉన్నాయి. కానీ ఈ కారణాలు 2012 గడువు పెట్టినప్పుడూ తెలిసినవే. వాటిని ముందే తొలగించి పని నడిపించడమే రాజకీయ నాయకత్వం చేయాల్సిన పని. బడ్జెట్‌లో అంకె పెట్టడం అందులో సులభమైన భాగం.

గల్వాన్ తర్వాత పరిస్థితి మారిన మాట నిజం. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం, 2024 మార్చిలో అరుణాచల్‌లో సేలా సొరంగం తెరుచుకున్నాయి. బీఆర్‌ఓ మూలధన పద్దు 2023-24లో 5,000 కోట్లు, తర్వాతి ఏడాది 6,500 కోట్లు, 2025-26లో 7,146 కోట్లు. సరిహద్దు ఊళ్లు ఖాళీ కాకుండా ఉండేందుకు 2023లో 4,800 కోట్లతో వైబ్రెంట్ విలేజెస్ పథకం మొదలైంది, 2025 ఏప్రిల్‌లో 6,839 కోట్లతో రెండో దశకు ఆమోదం వచ్చింది. మంచి అడుగులే. అంకెలు పెరిగినప్పుడు సంతోషించి ఊరుకుంటే, పదేళ్ల తర్వాత ఇంకో కాగ్ నివేదిక చదువుకోవాల్సి వస్తుంది. కేటాయించింది ఎంత, ఖర్చయింది ఎంత, పూర్తయింది ఎంత అని మూడు అంకెలూ పక్కపక్కన పెట్టమని అడగాలి.

కంచె సంగతి ఇంకో రకం. బంగ్లాదేశ్ సరిహద్దులో 3,232 కిలోమీటర్ల మేర కంచె పడింది, 864 కిలోమీటర్లు మిగిలిందని 2025 ఫిబ్రవరిలో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఆ మిగిలినదాంట్లో 174 కిలోమీటర్లు నదులు, చిత్తడి వల్ల కంచె వేయలేని చోట్లు. మిగతా దాంట్లో పెద్ద చిక్కు భూమి. భూమి సేకరించి ఇవ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. కేంద్రం రాష్ట్రాన్ని అంటుంది, రాష్ట్రం కేంద్రాన్ని అంటుంది, మధ్యలో కంచె లేని చోట జవాను రాత్రంతా నడుస్తాడు. గాలేరు-నగరి కాలువ భూసేకరణ ఎన్నేళ్లు సాగిందో చూసిన ఈ ప్రాంతంవాళ్లకు, డబ్బు సిద్ధంగా ఉన్నా పని ఎందుకు కదలదో విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

చేయెత్తని సభ

చిత్తూరు, తిరుపతి రెండూ ఎస్సీ రిజర్వుడు లోక్‌సభ స్థానాలు. 2024లో చిత్తూరులో టీడీపీ నుంచి దగ్గుమళ్ల ప్రసాదరావు, తిరుపతిలో వైసీపీ నుంచి మళ్లీ గురుమూర్తి గెలిచారు. ఒకరు కేంద్రంలో అధికార కూటమి, ఇంకొకరు ప్రతిపక్షం. సరిహద్దు నిధుల మీద వీళ్లిద్దరిలో ఎవరి నిబద్ధత ఎంత అని కొలవాలంటే ఓటరు చేతిలో ఏముంది?

దాదాపు ఏమీ లేదు. రక్షణ కేంద్ర జాబితాలోని విషయం కాబట్టి ఎమ్మెల్యేకి సంబంధం లేదు. లోక్‌సభలో శాఖల గ్రాంట్ల పద్దులు చాలావరకు మూజువాణి ఓటుతో పాసవుతాయి. అవునన్నవాళ్ల గొంతు గట్టిగా వినిపించిందని సభాపతి ప్రకటిస్తే పని అయిపోయినట్టే, ఎవరు ఎటు అన్నారన్న రికార్డు ఉండదు. డివిజన్ అడిగి లెక్క పెట్టినా, 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం వల్ల విప్, అంటే ఓటు మీద పార్టీ ఇచ్చే ఆదేశం, దాటితే సభ్యత్వం పోతుంది. చర్చకు సమయం చాలని శాఖలన్నిటినీ చివరి రోజు ఒక్కసారిగా కలిపి ఆమోదిస్తారు, దీన్నే గిలెటిన్ అంటారు. 2023 మార్చి 23న సుమారు 45 లక్షల కోట్ల పద్దులు లోక్‌సభలో నినాదాల మధ్య చర్చే లేకుండా పాసయ్యాయి. రక్షణ, హోం అన్నీ అందులోనే. ఆ రోజు అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ సరిహద్దు గుర్తు లేదు. 2025 మార్చిలో రాజ్యసభలో హోంశాఖ పనితీరు మీద చర్చ జరగడం లాంటివి అప్పుడప్పుడు కనిపించే మినహాయింపులు.

తిరుపతిలో, చిత్తూరులో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. షట్‌డౌన్ అన్న మాట ఆ ఇళ్లకు తెలుసు. మెక్సికో సరిహద్దు గోడకు 570 కోట్ల డాలర్లు కావాలని అధ్యక్షుడు ట్రంప్, ఇచ్చేది లేదని డెమొక్రాట్లు పట్టుబట్టడంతో 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులు అక్కడి ప్రభుత్వంలో కొంత భాగం ఆగిపోయింది. 2025 జులైలో చేసిన చట్టంలో గోడకు సుమారు 4,650 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ గోడ మంచిదా కాదా అన్నది వాళ్ల గొడవ. ఉద్యోగుల జీతాలు ఆపి మరీ కొట్లాడుకోవడం ఆదర్శమేమీ కాదు. కానీ ఏ సభ్యుడు గోడ డబ్బుకు అవునన్నాడో, ఎవరు కాదన్నారో అక్కడి ఓటరు పేరుపేరునా చూసుకోగలడు. సరిహద్దు నిధుల మీద నాయకుల నిబద్ధత గురించి అక్కడ అంత పదునైన ప్రజాభిప్రాయం ఏర్పడటానికి అదొక పెద్ద కారణం. ఇక్కడ అభిప్రాయం భావోద్వేగంగానే మిగిలిపోవడానికి జనం అమాయకత్వం కారణం కాదు. చూసుకోవడానికి వాళ్ల ముందు రికార్డే లేదు.

మైదానంలో పరుగెత్తేవాళ్ల లెక్క

ఒక్క విషయంలో మాత్రం ఈ ప్రాంతపు అభిప్రాయం కత్తిలా ఉంది. అది అగ్నిపథ్. ఎందుకంటే అక్కడ సరిహద్దు పద్దు నేరుగా ఇంటి పద్దును తాకింది.

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ తారకరామ మైదానం వైపు తెల్లవారుజామున వెళ్తే 1,600 మీటర్ల పరుగును ఐదున్నర నిమిషాల్లోపు ముగించాలని చెమటోడ్చే కుర్రాళ్లు కనిపిస్తారు. పొలం రెండెకరాలు, బోరు ఎండిపోయింది, డిగ్రీ ఉంది, ప్రైవేటు ఉద్యోగం పదిహేను వేలు. అలాంటి ఇంటికి మిలిటరీ ఉద్యోగమంటే గౌరవం, జీతం, క్యాంటీను, ముసలితనంలో పెన్షన్. కోవిడ్ పేరుతో రెండేళ్లు సైన్యం ర్యాలీలు జరగలేదు. కొందరికి వయసు దాటిపోయింది. అప్పుడు, 2022 జూన్ 14న, నాలుగేళ్ల అగ్నిపథ్ ప్రకటించారు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాదికి 40 వేలు, వెళ్లేటప్పుడు సుమారు 11.71 లక్షల సేవానిధి, నూటికి 25 మందిని మాత్రమే ఉంచుకుంటారు, మిగతావాళ్లకు పెన్షన్ లేదు. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు.

సైన్యం సగటు వయసు తగ్గించడానికే ఈ మార్పు అన్నది ప్రభుత్వ వాదన. పెన్షన్ భారం తగ్గించుకోవడానికే అన్నది విమర్శకుల వాదన. 6.81 లక్షల కోట్లలో 1.60 లక్షల కోట్లు పెన్షన్లకే పోతున్నప్పుడు రెండో మాటను కొట్టిపారేయలేం. పెన్షన్ తగ్గితే మిగిలే డబ్బు డ్రోన్లకు, రాడార్లకు పోతుందనుకుందాం. దేశానికి అది అవసరం కావచ్చు. ఆ మాట నేరుగా జనం ముందు పెట్టి, ఈ త్యాగం ఎందుకు అడుగుతున్నామో చెప్పి ఉంటే చర్చ వేరుగా ఉండేది. చెప్పకుండా చేయడమే కోపానికి మూలం. మొదటి సైనిక బ్యాచ్ 2023 జనవరిలో శిక్షణకు చేరింది కాబట్టి నాలుగేళ్ల గడువు 2026 చివరికి వస్తుంది. ఉంచుకోని వాళ్లు ఇంటికి తిరిగొచ్చాక, కేంద్ర దళాల్లో వాళ్లకు రిజర్వేషన్ అన్న హామీ ఎంత నిజమో ఊళ్లలోనే తెలిసిపోతుంది. ఎన్నికల సర్వేల కంటే ఆ నలుగురైదుగురి అనుభవమే ఒక్కో మండలంలో అభిప్రాయాన్ని నిర్ణయిస్తుంది.

కేంద్ర దళాల కానిస్టేబుల్ పరీక్ష 2024 జనవరి నుంచి తెలుగులోనూ రాసుకునే వీలు వచ్చింది. పెద్ద శీర్షికలకు ఎక్కని ఈ నిర్ణయం సీమ పిల్లలకు చేసిన మేలు చాలా ఎక్కువ. ఖాళీలు ఎంత వేగంగా నింపుతారన్న ప్రశ్న ఇప్పుడు ఇక్కడి ఇళ్ల ప్రశ్న కూడా అయింది.

సముద్రం వైపు కూడా ఒక గీత ఉంది

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి సూళ్లూరుపేట, తడ, వాకాడు ప్రాంతాలు వచ్చి చేరాయి. కొండ కింది ఊరిగా పేరున్న తిరుపతికి ఆ రోజుతో సముద్ర తీరం, అంటే దేశ సరిహద్దు కూడా వచ్చింది. 2008 ముంబై దాడి చేసినవాళ్లు సముద్రం మీదుగానే వచ్చారు. ఆ తర్వాత తీర భద్రత పథకం రెండో దశను 2011లో దాదాపు 1,580 కోట్లతో మొదలుపెట్టి 2020 మార్చి దాకా నడిపారు. అందులో పడవలు కేంద్రం ఇచ్చింది, మనుషులను రాష్ట్రం పెట్టాలి. ఎమ్మెల్యేకి సరిహద్దుతో సంబంధం లేదన్న మాట తీరం దగ్గరికి వచ్చేసరికి చెల్లదు. తీర పోలీసు స్టేషన్‌లో పడవ నడిచే స్థితిలో ఉందా, నడిపేవాడు ఉన్నాడా అన్నది రాష్ట్ర అసెంబ్లీలో అడగాల్సిన ప్రశ్నే.

ఆ తీరంలోనే శ్రీహరికోట ఉంది. ముంబై దాడి జరిగిన ఐదు నెలలకు, 2009 ఏప్రిల్ 20న, మబ్బుల్లోంచి కూడా చూడగల రీశాట్-2 ఉపగ్రహం అక్కడి నుంచే ఎగిరింది. ఆపరేషన్ సిందూర్ ముగిసిన వారానికి, 2025 మే 18న, అదే పని కోసం వెళ్లిన ఈఓఎస్-09 మూడో దశలో లోపం వల్ల కక్ష్యకు చేరలేదు. 52 నిఘా ఉపగ్రహాల కోసం సుమారు 27 వేల కోట్ల పథకానికి 2024లో భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ఆమోదం ఇచ్చింది. రాకెట్ ఎగిరినప్పుడు నాయుడుపేట, సూళ్లూరుపేట మేడల మీద నిలబడి చప్పట్లు కొట్టే జనం చూస్తున్నది సరిహద్దు ఖర్చునే. ఒక ప్రయోగం విఫలమైతే లద్దాఖ్‌లో ఒక పోస్టు కంటికి కొంత చీకటి మిగులుతుందని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

చివరగా ఒక పద్దు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన 15వ ఆర్థిక సంఘం, రక్షణ, అంతర్గత భద్రత ఆధునికీకరణకు 2021-26 మధ్య 2.38 లక్షల కోట్లతో, ఏడాది ముగిసినా మురిగిపోని ప్రత్యేక నిధి పెట్టమని సిఫారసు చేసింది. కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. రక్షణ కొనుగోళ్లు ఒక్క ఏడాదిలో తేలేవి కావు. మార్చి 31 వస్తే మిగిలిన డబ్బు వెనక్కి పోయే పద్ధతిలో అవి ఎప్పుడూ ఇరుక్కుంటాయి, అందుకే ఆ సిఫారసు. నిధి ఎందుకు ఆగిందని స్థాయీ సంఘం ఏడాది తర్వాత ఏడాది అడుగుతూ వచ్చింది. ఆ సంఘంలో అన్ని పార్టీల ఎంపీలూ ఉంటారు. బయట నియోజకవర్గంలో మాత్రం ఆ నిధి పేరు విన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు.

ఆ నిధి సంగతి ఏమైంది, 61 రోడ్లలో ఈ రోజుకు ఎన్ని పూర్తయ్యాయి, బీఎస్‌ఎఫ్‌లో ఖాళీలు ఎన్ని అని లోక్‌సభలో లిఖితపూర్వకంగా అడగడానికి ఎంపీకి పార్టీ అనుమతి అక్కర్లేదు, విప్ అడ్డురాదు. 15 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు.